కొబ్బరికాయ కొట్టిన వైపు

సొరంగాలంటే నాకు భయం. ఉద్యోగానికి పెట్టుకున్న అప్లికేషన్‌లో ఆ సంగతి రాయలేదు. వాళ్ళూ అడగలేదు.

తొంభైల్లో బెజవాడలో ఇంటర్ చదివే రోజుల నుంచీ ఉన్న భయం ఇది. ఊళ్ళో కొండ కిందుగా రోడ్డు సొరంగం ఒకటుంది. దానికి ఏ లోపమూ లేదు, లక్షణంగా ఉంటుంది, ఊరంతా దాన్లోంచే తిరుగుతుంది. హాస్టల్లో నా తోటివాళ్ళు అందులోంచి నడిచి పావుగంటలో సినిమా హాలుకి చేరేవాళ్ళు. నేను మాత్రం "బస్సులో గాలి బాగా తగులుతుంది" అని చెప్పి కొండ చుట్టూ తిరిగొచ్చేవాణ్ణి. ఆ రెండేళ్ళలో నేను చూసిన ఏ సినిమాలోనూ హీరో చిన్నతనం ఎలా గడిచిందో నాకు తెలియదు.

తర్వాత జియోఫిజిక్స్ చదివాను. భూమి లోపల ఏముందో భూమి పైన నిలబడి చెప్పే చదువన్నారు. "పైన నిలబడి" అన్న ముక్క నాకు బాగా నచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటాక బెజవాడలోనే ఒక చిన్న సర్వే కంపెనీలో చేరాను. ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ఓనరు గారు, నేను. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో రైతులకి చెప్పడం మా పని. పడితే వాళ్ళ అదృష్టం, పడకపోతే మా చదువు. అలా ప్రశాంతంగా కాలం గడిచిపోతుండగా ఒకరోజు ఓనరు గారు అట్టపెట్టెంత నారింజ రంగు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు.

"రాడారయ్యా. కాంక్రీటు వెనకాల ఏముందో చెప్పేస్తుంది. సొరంగాలకి వాడతారు."

"బోర్లకి పనికిరాదాండీ?" అన్నాను ఆశగా.

"సొరంగం పని ఒప్పేసుకున్నా. సోమవారం నుంచి మొదలు."

ఆ సొరంగం ఊరి అంచున ఉంది. తాగునీటి పెద్ద పైపు దాన్లోంచి కొండ కిందుగా అవతలికి వెళుతుంది. పైపు పక్కన చిన్న లారీ పట్టేంత దారి. పొడవు రెండు వందల అరవై మీటర్లు. ఒక మూతి తూర్పున, ఊరివైపు. రెండోది పడమర, పొలాలవైపు. జనం తిరిగే దారి కాదు. పైపు బాగోగులు చూసేవాళ్ళు తప్ప ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో తవ్వి, గోడలకీ కప్పుకీ లోపలి నుంచి కాంక్రీటు తొడుగు వేశారు.

చిక్కంతా ఆ తొడుగుతోనే. తొడుగుకీ కొండకీ మధ్య ఎక్కడైనా ఖాళీ ఉండిపోతే ఆ చోట కాంక్రీటుకి వెనక దన్ను ఉండదు. ఖాళీలో నీరు చేరుతుంది, కొండరాయి వదులవుతుంది, ఒకరోజు అంతా కలిసి కిందికి దిగుతుంది. కింద నిలబడి చూసేవాడికి అప్పటిదాకా ఏమీ తెలియదు. నున్నగా, మర్యాదగా ఉంటుంది. నా భయమంతా సరిగ్గా ఆ మర్యాదని చూసే.

ఇన్నేళ్ళూ ఆ ఖాళీలని కనిపెట్టింది ఒక పెద్దాయన. తాపీమేస్త్రీ. అరవైకి దగ్గరపడ్డ మనిషి. అందరూ సాయిబు గారంటారు. ఏటా ఒకసారి వెదురు కర్రకి చిన్న సుత్తి కట్టి, కప్పు ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టుకుంటూ, తల ఒక పక్కకి వంచి వింటూ వెళ్ళేవారు. గట్టి చోట ఒక మోత, డొల్ల చోట ఇంకో మోత. పుచ్చకాయ బేరం లాంటిదే. కాకపోతే పుచ్చకాయ మన నెత్తిన పడదు. ఇప్పుడా పనికి రాడారు వచ్చింది కాబట్టి ఆయన్ని కూలీల మీద మేస్త్రీగా ఉంచారు.

"మీ మిషన్ చూస్తుందా బాబూ, వింటుందా?" అన్నారు మొదటిరోజు, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి.

"రెండూ కాదండీ. తరంగం పంపిస్తుంది. అది దేనికైనా తగిలి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది."

"అయితే వినడమే," అని తేల్చేశారు.

పెట్టె కప్పుకి ఆనుకుని కదలాలి. అందుకోసం ఆటోనగర్‌లో ఒక వెల్డరు చేత ట్రాలీ ఆటో మీద నిలువు చట్రం కట్టించాం. కప్పు ఎగుడుదిగుళ్ళకి తట్టుకునేలా పాత స్కూటర్ల షాకబ్జార్బర్లు బిగించాడతను.

"ఏం పెడతారండీ దీని మీద?"

"రాడారు."

"విమానాలకి పెట్టేదా?"

"కాదు, సొరంగానికి."

అతను వెల్డింగ్ అద్దం పైకెత్తి నన్ను కాసేపు చూశాడు. "సొరంగంలోకి విమానాలెందుకొస్తాయండీ?" అన్నాడు. మంచి ప్రశ్నే.

సోమవారం పొద్దున బండిని పడమటి మూతి దగ్గర పెట్టించాను. నీటి సరఫరా డిపార్టుమెంటు పాత డ్రాయింగులో కొలతలు ఆ మూతి నుంచే మొదలవుతాయి. మనమూ అక్కడే సున్నా పెట్టుకుంటే గొడవ ఉండదు. ఈ ఆలోచన వరకూ నా చదువు బాగానే పనిచేసింది. సాయిబు గారు తువ్వాల్లో కొబ్బరికాయ చుట్టుకుని వచ్చి బండినీ నన్నూ చూశారు.

"పడమటి నుంచి మొదలెడతారా బాబూ? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"సాయిబు గారూ, మీరు కూడానా?"

"నాదేముంది, బిస్మిల్లా అనుకుని ఎటునుంచైనా దిగుతా. వీళ్ళు దిగరు." వెనకాల ఆరుగురు కూలీలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు దిగేలా లేరు. "ఈ డిపార్టుమెంటు కాయలన్నీ ఏళ్ళ తరబడి నేనే తెస్తున్నా. ఏ ఇంజినీరూ పడమట కొట్టించలేదు. పదండి, బండి తిప్పించండి."

కొండ చుట్టూ తిరిగి తూర్పు మూతికి వెళ్ళాం. కాయ కొట్టాం. నిజం చెప్పాలంటే, ఆ కప్పు కిందికి వెళ్ళబోతూ కాయ కొట్టకుండా ఉండే ధైర్యం నాకూ లేదు. సరే, ఆఫీసుకి వెళ్ళాక కొలతలు తిరగేసుకోవచ్చులే అనుకుని నోటు పుస్తకంలో రాసుకున్నాను: "సున్నా: కొబ్బరికాయ దగ్గర." ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరనిపించింది. ఐదేసి మీటర్లకి గోడ మీద చాక్‌పీసుతో అంకెలు వేసుకుంటూ వెళ్ళాం. బండి ఒక్కో అంకె దాటినప్పుడల్లా నేను ఒక బటన్ నొక్కాలి. కంప్యూటరులో బొమ్మ మీద అక్కడొక గీత పడుతుంది.

బటన్ నొక్కేవాడు చట్రం పక్కనే కూర్చోవాలి. అంటే కప్పుకీ నా తలకీ మధ్య రెండు మూరలు. బయటి వెలుగు నాణెమంత అయింది. ఎక్కడి నుంచో ఒక చుక్క నీళ్ళు మెడ మీద పడితే బటన్ రెండుసార్లు నొక్కాను. పైకి చూస్తే ఏం కనపడుతుందోనని కళ్ళు స్క్రీను మీద నుంచి తియ్యలేదు. నా ఏకాగ్రత చూసి కూలీలు గౌరవంగా మాటలు తగ్గించారు.

"సాయిబు గారూ, కరెంటు పోతే?" అన్నాను గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ.

"పోతే పోయింది బాబూ. సొరంగానికి రెండే దిక్కులు. తప్పిపోయే భయం లేదు."

మూడు రోజుల్లో పని ముగించాం. నాలుగో రోజు డిపార్టుమెంటు ఏఈ గారికి కబురొచ్చింది, ఎవరో పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని. పెద్దవాళ్ళు వస్తున్నారంటే కదలకుండా ఉన్న ప్రతిదానికీ సున్నం కొట్టించడం మన ఆనవాయితీ. చెట్ల మొదళ్ళకి, రోడ్డు పక్క రాళ్ళకి, ఎత్తు అందితే కొండకి కూడా. నేను కాగితాల కోసం వెళ్ళేసరికి సొరంగం గోడలు రెండు మూతుల మధ్యా పెళ్ళివారిల్లులా మెరిసిపోతున్నాయి. నా చాక్‌పీసు అంకెల్లో ఒక్కటీ లేదు.

"మార్కులు పోయాయండీ," అన్నాను.

"చాక్‌పీసుతో రాస్తే ఉంటాయా అండీ? అటు చూడండి." సున్నం మీద ఎర్ర పెయింటుతో ఐదేసి మీటర్లకి గుండ్రటి అంకెలు. "డ్రాయింగు ప్రకారం కొలిపించి మరీ వేయించా. ఎంత నీటుగా ఉన్నాయో!"

నిజంగానే నీటుగా ఉన్నాయి. ముచ్చటపడి వచ్చేశాను. తిరగేసుకోవలసిన సంగతిని గుర్తుచేసే వస్తువు ఆ గోడ మీద ఇంకేమీ మిగల్లేదు.

ఆఫీసులో రెండు రోజులు బొమ్మల ముందు కూర్చున్నాను. గట్టి కాంక్రీటు బొమ్మలో బూడిదరంగు గీతలు చాప అల్లినట్టు నిదానంగా సాగిపోతాయి. ఇనుము ఉంటే బోర్లించిన గిన్నెలా కనపడుతుంది. వెనకాల ఖాళీ ఉంటే నల్లగా, తెల్లగా లావుపాటి పట్టీలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. అలాంటి పట్టీలు డెబ్భై నుంచి డెబ్భై ఎనిమిది మీటర్ల దాకా ఉన్నాయి. ఖాళీ జానెడు పైమాటే. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాను, అది కంప్యూటరు తెర అని తెలిసి కూడా. ఆ ముక్కకి ఎర్ర స్కెచ్‌పెన్నుతోనూ మిగతా సొరంగానికి పచ్చదానితోనూ రంగువేసి, నోటు పుస్తకం సంచిలో ఉండగానే, రిపోర్టు ఇచ్చేశాను.

ఏఈ గారు ఆలస్యం చెయ్యలేదు. సోమవారానికల్లా ఎర్ర అంకె డెబ్భై దగ్గర కప్పు కింద ఆసరాగా ఇనుప పోట్లు నిలబెట్టించారు. అక్కడ కప్పుకి కన్నాలు వేసి సిమెంటు పాలు ఎక్కించాలి. కన్నాలు వేసే డ్రిల్లుకి పడమటి మూతి దగ్గర కంప్రెసర్ వచ్చింది.

"పనివాళ్ళ సామాను, అన్నం క్యారేజీలు, మేం కాస్త నడుం వాల్చేది, ఎక్కడైతే మంచిది బాబూ?" అని సాయిబు గారు అడిగారు.

నేను కాగితం విప్పాను. నూట ఎనభై ఐదు దగ్గర గోడలో మనిషి కూర్చునేంత గూడు ఉంది. కాగితంలో ఆ చోటు పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళి చూపించాను. "సొరంగం మొత్తంలో ఇంత గట్టి చోటు లేదు సాయిబు గారూ. నిశ్చింతగా పడుకోండి. నాదీ పూచీ."

ఆయన అలవాటు కొద్దీ వెదురు కర్ర ఎత్తి కప్పు మీద రెండు దెబ్బలు వేశారు. ఆగి, ఇంకోటి వేశారు. సుత్తిని కిందికి దించి దానివైపు చూశారు. చిటికెన వేలు చెవిలో పెట్టి గట్టిగా ఆడించుకున్నారు. "అలాగే బాబూ. మిషన్ చెప్పాక ఇంకేముంది," అని గోనెసంచి పరుచుకున్నారు. చెవిలో నీళ్ళు పోయాయేమో అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం సెలవు పెట్టి మా ఊరు వెళ్ళాను. చల్లపల్లి దాటి మూడు మైళ్ళు. మాది నేత ఇల్లు. బుధవారం ఇల్లు సర్దడంలో గడిచింది. గురువారం పొద్దున మా నాన్న మగ్గం గుంటలోంచి పైకి వచ్చి కాఫీ తాగుతూ, "ఇంతకీ నువ్వు చేసే పనేంట్రా? అడిగినవాళ్ళకి బోర్లని చెప్తున్నా," అన్నాడు. సంచిలోంచి రాడారు బొమ్మ ప్రింటు తీసి చాప మీద పరిచాను. మూడు బారల పొడవుంది. నాన్న దాన్ని చీరని చూసినట్టే చూశాడు, వేలి కొసతో తడుముతూ.

"ఇదిగో, ఇక్కడ వెనకాల ఖాళీ. డెబ్భై మీటర్ల దగ్గర," అన్నాను కొంచెం గర్వంగానే.

"ఎటు నుంచి డెబ్భై?"

"మొదట్నుంచి."

"మొదలెటురా? చీరలో పోగు తప్పిందంటే షావుకారు అడిగే మొదటి మాట, కొంగు నుంచి ఎన్ని మూరలని. అవతలి చెంగు నుంచి కొలిస్తే మంచి చోట కత్తెర పడుద్ది."

"పడమటి నుంచి నాన్నా. డ్రాయింగు అలాగే ఉంది."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "పడమటి నుంచి మొదలెట్టారా? ఎవడ్రా మొదలెట్టనిచ్చింది? కొబ్బరికాయ కొట్టలేదేంటి?"

నవ్వబోయి ఆగిపోయాను. సంచిలోంచి నోటు పుస్తకం తీశాను. "సున్నా: కొబ్బరికాయ దగ్గర." నా చేతిరాతే. ప్రింటు మొదలు చూశాను. నాలుగో మీటరు దగ్గర బోర్లించిన గిన్నె. ఇనుము. పైపులు ఎత్తడానికి కప్పులో బిగించిన పాత రైలుపట్టా. అది తూర్పు మూతి దగ్గర మాత్రమే ఉంది. పడమటి నుంచి మొదలైన బొమ్మైతే అది ఆ చివర ఉండాలి.

రెండు వందల అరవైలోంచి డెబ్భై ఐదు తీసేస్తే నూట ఎనభై ఐదు. ఆ తీసివేత మూడుసార్లు చేశాను. మూడుసార్లూ సరిగ్గానే వచ్చింది. లెక్కల్లో నేను ఎప్పుడూ బాగానే ఉండేవాణ్ణి.

గోడ గడియారం పదీ పది. సాయిబు గారు పన్నెండున్నరకి అన్నం తింటారు. తిన్నాక తువ్వాలు తలకింద పెట్టుకుని, కప్పుకేసి చూస్తూ, రెండింటి దాకా పడుకుంటారు. డ్రిల్లు ఆ గురువారమే మొదలవుతుంది. అది కొట్టే ప్రతి దెబ్బకీ కొండ అదురుతుంది.

"ఏంట్రా, అలా తెల్లబోయావు?" అన్నాడు నాన్న. ఏం చెప్పానో గుర్తులేదు. "అయితే ఇంకా నిలబడ్డావేం?" అనడం మాత్రం గుర్తుంది.

సైకిలు తొక్కుకుంటూ చల్లపల్లి వచ్చి, ఎస్టీడీ బూతు నుంచి ఓనరు గారి సెల్లుకి చేశాను.

"సార్, ఒక పొరపాటు జరిగిందండీ. సొరంగంలో..."

"గన్నవరంలో ఉన్నానయ్యా. పెద్ద ఆఫీసరు గారి విమానం దిగింది. అదిగో, వస్తున్నారు."

"రిపోర్టు తిరగబడిందండీ. అటుది ఇటు రాశాను."

"ఏ పేజీ?"

"పేజీ కాదండీ, సొరంగం."

"వచ్చేశారు, వచ్చేశారు... నమస్కారమండీ!" ఆ నమస్కారం నాకు కాదు. ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే పలకలేదు.

డిపార్టుమెంటు ఆఫీసుకి చేశాను. అటెండరు ఎత్తాడు. ఏఈ గారు సైటులో ఉన్నారన్నాడు. సైటులో ఫోను లేదన్నాడు. సొరంగంలో ఫోనేంటండీ అని నవ్వాడు.

"ఎవరినైనా పంపండి. సాయిబు గారిని అక్కడి నుంచి లేవమని చెప్పాలి. చాలా అర్జెంటు."

"ఏ సాయిబు గారండీ? పేరు చెప్పండి, రాసుకుంటా."

 నాకు ఆయన పేరు తెలియదు. అన్ని రోజులు పక్కపక్కన కూర్చుని, ఆయన క్యారేజీలోంచి పచ్చడి తిని, ఆ కప్పు కింద పడుకోమని పూచీ ఇచ్చి, పేరు అడగలేదు.

"మేస్త్రీ అండీ... సుత్తి పట్టుకుని ఉంటారు."

"సుత్తి లేని మేస్త్రీ ఎవరుంటారండీ," అన్నాడు అటెండరు. "ఏఈ గారు రాగానే చెప్తాలెండి."

పదీ నలభైకి బస్సు దొరికింది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని బస్సుని నేనే నడుపుతున్నట్టు కాళ్ళతో తొక్కుతున్నాను. పామర్రు దాకా బాగానే సాగింది. ఉయ్యూరు దగ్గర చెరకు సీజను. ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లు, ఎడ్లబళ్ళు రోడ్డంతా పరుచుకున్నాయి. ముందున్న బండి మీద పడుకున్న మనిషి నిదానంగా చెరకు ముక్క నములుతున్నాడు. ఆ రోజు అంత తీరిగ్గా ఉన్న మనిషిని చూస్తే ఏడుపొచ్చింది.

"ఏం బాబూ, పరీక్షా?" అన్నాడు కండక్టరు నా మొహం చూసి.

"అలాంటిదే."

"పాసవుతార్లెండి," అన్నాడు.

బస్సు కదలనంతసేపూ నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను. ఇన్నేళ్ళు నిలబడిన కప్పు సరిగ్గా ఇవాళే ఎందుకు పడుతుంది? వెంటనే ఇంకో మాట వచ్చేది: ఇన్నేళ్ళలో దాని పక్కన డ్రిల్లు పెట్టిందెవరు? పెట్టించిందెవరు? ఖాళీ ఎంత లోతో రాడారు చెబుతుంది. ఎప్పుడు దిగుతుందో చెప్పదు. రెండే దిక్కులున్న చోట తప్పిపోయే భయం లేదన్నారాయన. ఆ రెండిట్లోనే నేను తప్పిపోయాను, ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళి.

బెజవాడ చేరేసరికి ఒంటిగంట. ఆటోలో తూర్పు మూతి దగ్గర దిగేసరికి ఒకటీ ఇరవై. లోపలి నుంచి డ్రిల్లు మోత వస్తోంది, కొండకి పన్నునొప్పి వచ్చినట్టు. ఆ మోత వింటే మామూలుగా నేను పరిగెత్తే దిశ వేరు. ఆ రోజు మాత్రం లోపలికి పరిగెత్తాను. తల పైకెత్తకుండా, గోడ మీద ఎర్ర అంకెలు తగ్గుతుంటే చూసుకుంటూ. రెండు వందల యాభై. రెండు వందల ముప్పై. రెండు వందలు.

నూట ఎనభై ఐదు దగ్గర బల్బు వెలుతురులో సాయిబు గారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కదలడం లేదు. సగం క్షణం నాకు చూపు ఆగిపోయింది. తర్వాత ఆయన కాలి బొటనవేలు ఆడింది. పక్కన ఇద్దరు కూలీలు చేతులు కడుక్కుంటున్నారు. అరిచాను. ఆ మోతలో నా అరుపు నాకే వినపడలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగాను.

"పామా?" అని అరిచారు చెవి దగ్గర.

"కాదు, లేవండి! అందరూ! బయటికి!"

డెబ్భై ఐదు మీటర్లు ఆయన చెయ్యి వదల్లేదు. ఎండలోకి వచ్చాకే వదిలాను.

"గట్టిదని చెప్పిన చోటే డొల్లండీ. నేను తిరగేసుకోలేదు. కాయ కొట్టిన వైపు నుంచి డెబ్భై. మీరు పడుకున్నది సరిగ్గా దాని కింద."

కూలీలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. సాయిబు గారు తువ్వాలు దులిపారు. మడత పెట్టారు.

"ఎంత డొల్ల?" అన్నారు చివరికి.

"జానెడు పైనే."

"మొన్న మూడు దెబ్బలేశా. మూడూ డొల్లగానే పలికినయ్యి."

 "విన్నారా? విని కూడా చెప్పలేదేం సాయిబు గారూ?"

"మీరు గట్టిదన్నారు కదా బాబూ. కాగితంలో పచ్చగా ఉంది. నా చెవికి వయసైపోయిందనుకున్నా. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పా, ఇక సుత్తి పట్టుకోను, వినపడటంలేదని." ఆగి, "మూడు రోజులుగా దాని కింద పడుకుని అదే చూస్తున్నా. పైన నీటిచుక్కల చప్పుడు వినపడుతుంటే కూడా, మన చెవుల్లోనే ఏదో హోరు అనుకుంటున్నా," అన్నారు.

అంతవరకూ నేను భయపడింది కప్పుని చూసి. అప్పటి నుంచి భయపడింది నా పచ్చ స్కెచ్‌పెన్నుని చూసి. కప్పు ఇంకా మంచిది, అది ఎవరినీ నమ్మించలేదు.

ఏఈ గారు డ్రిల్లు ఆపించారు. ఎందుకో చెబితే మాత్రం మొదట నమ్మలేదు. గోడ మీద ఎర్ర అంకెలు చూపించి, "డ్రాయింగు ప్రకారమే వేయించానండీ," అన్నారు. మీ అంకెల్లో తప్పేం లేదన్నాను. పోట్లన్నీ విప్పి మోసుకొచ్చి నూట ఎనభై ఐదు కింద నిలబెట్టేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. సాయిబు గారు ఒక్కో పోటు బిగువు చూసి, అప్పుడు దూరంగా నిలబడి ఒక కన్నం వేయించారు. డ్రిల్లు కాంక్రీటులో కొంతసేపు గింజుకుంది. ఉన్నట్టుండి కడ్డీ మొత్తం పైకి జారిపోయింది, ఎవరో లోపలి నుంచి లాక్కున్నట్టు. పట్టుకున్నవాడు తూలి నిచ్చెన మీద వేలాడాడు. కన్నంలోంచి మురికినీళ్ళు ధారగా వచ్చి కొత్త సున్నం మీదుగా కారాయి. ధార సన్నబడ్డాక ఏఈ గారు టార్చి వేసి చూశారు. చాలాసేపు చూశారు.

"కొండ కనపడటంలేదండీ," అన్నారు. హెల్మెట్ తీసి, ఏదో గుర్తొచ్చినట్టు వెంటనే మళ్ళీ పెట్టుకున్నారు.

నాలుగింటికి పెద్ద ఆఫీసరు గారిని తీసుకుని మా ఓనరు గారు వచ్చారు. ఆఫీసరు గారు మూతి దగ్గరే నిలబడి సున్నం బాగుందన్నారు. పోట్లు ఎందుకు మార్చారని అడిగితే ఓనరు గారు నావైపు చూసి, "టైపింగ్ మిస్టేకండీ, చిన్నది," అన్నారు.

"కాదండీ, నా మిస్టేకు. పెద్దది," అన్నాను. ధైర్యం వల్ల కాదు. అంత భయపడ్డాక అబద్ధాలు గుర్తుపెట్టుకోవడం కష్టం. ఓనరు గారు నన్ను తీసెయ్యలేదు. నెల రోజులు మాట్లాడలేదు, అంతే. కొత్త రిపోర్టు నేనే రాశాను. మొదటి వాక్యం, సున్నా ఏ మూతిదో. ఆ పక్కన ఇంకో వాక్యం, కప్పుని సుత్తితో కొట్టి విన్నది ఎవరో, ఆయన ఏం విన్నారో. దానికి పేరు కావాలి కాబట్టి ఆ సాయంత్రమే అడిగాను. చెప్పారు. "ఇప్పుడెందుకు బాబూ, ఇన్నాళ్ళూ గడిచిపోయింది కదా," అని కూడా అన్నారు.

అందరూ వెళ్ళిపోయాక తూర్పు మూతి దగ్గర రాయి మీద కూర్చున్నాం. పొద్దుటి నుంచీ నేనేమీ తినలేదని ఆయనకి ఎలా తెలిసిందో, క్యారేజీ తెచ్చి పై గిన్నె విప్పారు. కొంచెం అన్నం, టమాటా పప్పు మిగిలి ఉన్నాయి. ఆకలి మీద గబగబా ముద్ద కలిపాను. ఆయన చూడనట్టే సొరంగంవైపు తిరిగి కూర్చుని, ఒక చెవి మూసుకుని, తర్వాత రెండోది మూసుకుని, ఏదో పరీక్ష చేసుకుంటున్నారు.

"అయితే నా చెవి బాగానే ఉందన్నమాట," అన్నారు. నాతో కాదు, ఆవిడకి ఎలా చెప్పాలో సరిచూసుకుంటున్నట్టు.

తర్వాత కర్ర నుంచి విప్పి జేబులో వేసుకున్న సుత్తి తీసి, క్యారేజీ కింద గిన్నె మీద మెల్లగా ఒక్క దెబ్బ వేసి, తల పక్కకి వంచి విన్నారు.

"ఇది ఖాళీ బాబూ," అన్నారు. "నమ్మకం లేకపోతే మిషన్ తెప్పించండి."